అబిస్కోలో తుంగ కంకి మీద వాలిన ఆ చిన్న హోవర్‌ఫ్లై ఏది: ముందుగా ముంగాళ్ళు చూడండి

మీరు పంపిన నాలుగు ఫోటోలనూ పెద్దవి చేసి ఒక్కొక్కదాన్నీ రెండు మూడు సార్లు చూశాను. జూలై మొదటి వారంలో స్వీడన్ ఉత్తరాన అబిస్కో దగ్గర, టోర్నెట్రెస్క్ సరస్సు ఒడ్డున ఉన్న చిత్తడి నేలలో, తుంగ కంకుల మీద వాలిన ఈ పురుగు తేనెటీగా, కందిరీగా, లేక మామూలు ఈగా అన్నది మీ మొదటి ప్రశ్న. ఈగే అయితే దాని పేరేమిటన్నది రెండోది. మన ఊళ్ళలో ఆవ పూల మీదా కుసుమ పూల మీదా తిరిగే చారల ఈగ, ఇదీ ఒకటేనా అన్నది మూడోది. మూడింటికీ జవాబు చెబుతాను కానీ, రెండో ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగవలసి వస్తుంది.

ముందుగా తేల్చి చెప్పగలిగినంత చెబుతాను. ఇది ఈగే. హోవర్‌ఫ్లైలు అని లోకం పిలిచే, మన వ్యవసాయ కరపత్రాల్లో సిర్ఫిడ్ ఈగలు అని రాసే సిర్ఫిడే కుటుంబంలోనిది. రెండో ఫోటోలోనూ మూడో ఫోటోలోనూ ఉన్నది ఒకే పురుగు, మగది. అది ప్లాటికైరస్ పొడగ్రాటస్ అని నా నిర్ణయం. నాలుగో ఫోటోలోది ఆడది. దానికి ప్లాటికైరస్ అన్న ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు దాటి నేను ఏమీ పెట్టను. ఫోటో చూసి పురుగు పేరు చెప్పే యాప్ మీకు సూచించిన జాతి పేరును కూడా తీసేయమనే సలహా ఇస్తాను. మొదటి ఫోటోలో తుంగ కంకి బాగా పడింది కానీ ఈగ మసకబారింది కనుక దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఈగ అని ఎలా తెలిసిందంటే, రెక్కలు రెండే ఉన్నాయి. తేనెటీగకూ కందిరీగకూ నాలుగు రెక్కలుంటాయి. ఈగలన్నిటికీ వెనుక రెక్కల జత కుదించుకుపోయి గుండుసూది తలకాయల్లాంటి రెండు చిన్న కాడలుగా మిగిలి, ఎగిరేటప్పుడు తూకం నిలబెట్టడానికి పనికివస్తుంది. వాటిని హాల్టీర్లు అంటారు. మీ మూడో ఫోటోలో ఎడమ రెక్క మొదట్లో లేత పసుపు చుక్కలా కనిపిస్తున్నది అదే. మీసాలు చూసినా సరిపోతుంది: కందిరీగకు అవి పొడవుగా వంగి ఉంటాయి, ఈ ఈగకు ముఖానికి అతుక్కున్న రెండు చిన్న ముద్దల్లా ఉన్నాయి. పసుపు, నలుపు మచ్చలు వేసుకుని కుట్టే పురుగులా కనిపించడం ఈ కుటుంబానికి అలవాటైన వేషం. కొండి లేదు కాబట్టి కుట్టడం దానికి చేతకాదు. మీ పాప చేతి మీద వాలితే చెమటలోని ఉప్పు నాకి వెళ్ళిపోతుంది, అంతే.

ఈగల్లో సిర్ఫిడే కుటుంబాన్ని గుర్తు పట్టడానికి రెక్కలోని ఈనెలు ఆధారం. రెక్క మధ్యలో, రెండు అసలైన ఈనెల నడుమ, అటు చివరా ఇటు చివరా దేనికీ కలవకుండా ఉండే ఒక మడతలాంటి గీత ఉంటుంది. చూడ్డానికి ఈనెలా ఉండి ఈనె కానిది కాబట్టి నేను దాన్ని దొంగ ఈనె అంటాను. దానితో పాటు, రెక్క బయటి అంచు దగ్గర ఈనెలు అంచును తాకకుండా దానికి సమాంతరంగా మలుపు తిరిగి, చీరకు అంచు లోపల ఇంకో సన్నని అంచు నేసినట్లు కనిపిస్తాయి. మీ మూడో ఫోటోలో ఎండ వెనుక నుంచి పడింది కనుక ఈ రెండూ స్పష్టంగా ఉన్నాయి. ప్రపంచంలో ఇప్పటికి ఆరు వేలకు పైగా సిర్ఫిడ్ జాతులను వర్ణించారు, వాటిలో చాలా వాటికి ఈ గుర్తులు వర్తిస్తాయి.

ఇక ప్రజాతి. ఈ ఈగ ముఖం పూర్తిగా నలుపు. మధ్యలో ఒక చిన్న బొడిపె ఉంది. వక్షం కంచు మెరుపుతో కూడిన నలుపు. వక్షం వెనుక చివర అర్ధచంద్రాకారంలో ఉండే చిన్న పలకను స్కుటెల్లం అంటారు. అది కూడా నల్లగానే ఉంది. ఈ పలక రంగును నేర్చుకుంటే సగం పని అయిపోతుంది. ఉత్తరాది చిత్తడి నేలల్లో ఇదే సైజులో, ఇలాగే సన్నగా తిరిగే స్ఫైరోఫోరియా ఈగలకు ముఖమూ స్కుటెల్లమూ పసుపు. అదే లాప్‌లాండ్‌లో విల్లో పూల మీదా ఆల్డర్ చెట్ల చుట్టూ తిరిగే మెలాంజినా ఆర్కటికా కూడా చిన్నదే, నల్లనిదే, పేరులోనే ఆర్కిటిక్ ఉంది కనుక యాప్‌లు దాని పేరును తొందరపడి సూచిస్తుంటాయి. దాని స్కుటెల్లం మాసిన పసుపు రంగులో, కాస్త పారదర్శకంగా ఉంటుంది. ముఖమూ స్కుటెల్లమూ రెండూ నలుపై, పొట్ట మీద జంటలు జంటలుగా పసుపు మచ్చలున్న చిన్న ఈగ ఆ ప్రాంతంలో దొరికితే అది ప్లాటికైరస్ గాని, మెలనోస్టోమా గాని అవుతుందని అనుకుని మొదలుపెట్టవచ్చు. రెండింటినీ వేరు చేయడం ఎలాగో కాసేపట్లో చెబుతాను.

ప్లాటికైరస్ అన్న పేరు గ్రీకు మాటల నుంచి వచ్చింది. వెడల్పాటి చెయ్యి, బల్లపరుపు చెయ్యి అని అర్థం. 1828లో లెపెలెటియే, సెర్విల్ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఈ పేరు పెట్టినప్పుడు వారి దృష్టిని పట్టినది మగ ఈగ ముంగాళ్ళే. ఈ ప్రజాతిలో రెండు వందలకు పైగా జాతులున్నాయి, అత్యధికం ఉత్తరార్ధగోళపు చల్లని ప్రాంతాలవే. పొట్టలన్నీ ఒకదాని పొట్టలాగే మరొకటి ఉంటాయి, కాళ్ళు మాత్రం ఒక్కో జాతి మగదానికి ఒక్కో తీరులో చెక్కినట్లు ఉంటాయి. ఈ ప్రజాతికి పేరు పెట్టాలంటే మగదాని ముంగాలు చూడాలి. రంగు చూసి పేరు పెట్టినవాళ్ళు, నాతో సహా, ఎప్పుడో ఒకప్పుడు దిద్దుకోవలసి వచ్చినవాళ్ళే.

రంగు మాట ఎందుకు ఎత్తానంటే, మీరు రాసిన ఉత్తరంలో ఎక్కువ భాగం దాని గురించే ఉంది. మీరు పోల్చి చూసుకున్న ఫోటోలో పొట్ట మచ్చలు నిండు పసుపులో, చదరంగా, పెద్దవిగా ఉన్నాయనీ, మీ ఈగకు అవి మురికి పసుపులో చిన్నవిగా ఉన్నాయనీ, అందువల్ల ఇది వేరే జాతి కావచ్చుననీ రాశారు. ఆ అనుమానం సహజమే కానీ, దానికి బలం లేదు. హోవర్‌ఫ్లైలలో పొట్ట రంగు చాలావరకు ప్యూపా దశలో, అంటే పిల్లపురుగు ఈగగా మారే దశలో, అనుభవించిన చలిని బట్టి ఉంటుంది. ఎపిసిర్ఫస్, ఎరిస్టాలిస్ వంటి ఈగలను వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర పెంచి చూసినప్పుడు, చల్లగా పెంచినవి నల్లగా, వెచ్చగా పెంచినవి పసుపుగా తేలాయి. తల్లీ ఒకటే, తండ్రీ ఒకటే, నలుపు మాత్రం చలి ఇచ్చినది. నలుపు ఎండను త్వరగా పీల్చి ఒంటిని వేడెక్కిస్తుంది కనుక ధ్రువ ప్రాంతంలో అది లాభమే. మంచు కరిగిన వెంటనే, చల్లటి నేలలో ప్యూపాగా గడిపి బయటికి వచ్చిన మీ అబిస్కో ఈగ, దక్షిణాన వేసవి నడుమ ఫోటో తీసిన ఈగ కంటే నల్లగా ఉండడంలో వింత లేదు. పైగా ఫోన్ కెమెరా తన ఇష్టం వచ్చినట్లు రంగును వెచ్చబరుస్తుంది, చల్లబరుస్తుంది. నడిరేయి కూడా అస్తమించని సూర్యుడి వాలు వెలుతురులో తీసిన ఫోటోలో పసుపును నేను అసలు నమ్మను.

కాళ్ళ దగ్గరికి వద్దాం. పురుగు కాలికి మన కాలికి మల్లే తొడ, పిక్క, పాదం ఉన్నాయనుకోండి. పిక్క స్థానంలో ఉన్న భాగాన్ని టిబియా అంటారు, పాదంలో ఐదు కణుపులుంటాయి, వాటిలో పిక్కను అంటుకుని ఉన్న మొదటి కణుపు అన్నిటికంటే పెద్దది. మీ మూడో ఫోటోను పూర్తి సైజులో తెరిచి, కుడి ముంగాలిని చూడండి. మోకాలి దగ్గర నుంచి సగానికి పైగా దూరం పిక్క సన్నటి కర్రలా, రెండు అంచులూ దాదాపు సమానంగా వస్తుంది. చివరికి చేరేసరికి ఉన్నట్టుండి పక్కకు విచ్చుకుని, అట్లకాడ కాడ పలకగా మారే చోటులాగా, వెడల్పవుతుంది. దాని వెంటనే పాదంలోని మొదటి కణుపు కూడా దాదాపు అంతే వెడల్పుతో అతికినట్లు మొదలవుతుంది. పిక్క పొడవు మొత్తం కలిపినా రెండు మిల్లీమీటర్లు ఉండదు, ఆ విచ్చుకునే చోటు ఆవగింజలో సగం కూడా ఉండదు. అయినా జాతిని నిర్ణయించేది అదే.

ఈ గుర్తును దగ్గరి బంధువులతో పోల్చినప్పుడే దాని విలువ తెలుస్తుంది. ఐరోపా అంతటా మామూలుగా దొరికే ప్లాటికైరస్ క్లిపియాటస్ మగదానికి అదే పిక్క మోకాలి నుంచే క్రమంగా వెడల్పవుతూ పోతుంది, పడవ తెడ్డు లాగా. ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపలేరు. అంగుస్టాటస్ అన్న జాతిలోనూ వెడల్పు క్రమంగానే పెరుగుతుంది, దాని పొట్ట మాత్రం మరీ సన్నగా సాగి ఉంటుంది. ఇమ్మార్జినాటస్ అనే మరో జాతి ఎక్కువగా సముద్రతీరపు ఉప్పు చిత్తడి నేలలది. దాని ముంతొడ మీద నల్లటి ముళ్ళ వరుస చూసి పోల్చుకుంటారు. ముంగాలి పిక్క కర్రలా వచ్చి, చివర్న ఒక్కసారిగా విచ్చుకునే తీరు పొడగ్రాటస్‌ది. మీ ఫోటోలో అది కనిపిస్తోంది కాబట్టే ఇంత ధైర్యంగా పేరు పెట్టాను, లేకపోతే మగదానికి కూడా ప్రజాతి దగ్గరే ఆగిపోయేవాణ్ణి.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది పడే గోతి కూడా ఇదే. బల్లపరుపుగా ఉన్న వస్తువును పక్క నుంచి చూస్తే సన్నగానే కనిపిస్తుంది. అట్లకాడను అంచు వైపు నుంచి చూడండి, అది వట్టి ఊచ. మీ రెండో ఫోటోలో ఎడమ ముంగాలు సన్నగానూ కుడి ముంగాలు వెడల్పుగానూ ఉన్నాయని మీరే గమనించి, కాలు దెబ్బతిన్నదేమోనని అడిగారు. దెబ్బేమీ లేదు, ఎడమ కాలు మనకు అంచు చూపిస్తోంది, కుడి కాలు ముఖం చూపిస్తోంది. పిక్క సన్నగా కనిపించిందని చెప్పి ఫలానా జాతి కాదనడానికి వీల్లేదు. వెడల్పు కనిపిస్తేనే సాక్ష్యం. నాలుగైదు కోణాల్లో ఫోటోలు తీయమని నేను అందరినీ విసిగించడానికి కారణం అదే.

పొడగ్రాటస్ అన్న పేరు కూడా ఈ కాలి నుంచే వచ్చింది. పొడగ్రా అంటే కాలి బొటనవేలి కీలు వాచిపోయే వాతరోగం, ఇప్పుడు గౌట్ అని అందరూ అనేది. కాలు చివర వాచినట్లు ఉంది కనుక వాతరోగి అని పేరు పెట్టారు. పేరు పెట్టినాయనకు కాస్త హాస్యం ఉండి ఉండాలి. ఆయన స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోహాన్ విల్హెల్మ్ జెట్టర్‌స్టెట్, 1785లో పుట్టి 1874 దాకా జీవించారు. 1821లో స్వీడన్, నార్వేల లాప్‌లాండ్ ప్రాంతాలన్నీ తిరిగారు. రైలు మార్గమూ, దోమల మందూ లేని రోజుల్లో, మీరు ఇప్పుడు నాలుగు ఫోటోలు తీసి పంపిన నేలల్లాంటి వాటిలోనే పురుగులు ఏరారు. ఆ సేకరణల ఆధారంగా రాసిన లాప్‌లాండ్ కీటకాల గ్రంథంలో 1838లో ఈ ఈగను తొలిసారి వర్ణించారు. నేను పైన చెప్పిన మెలాంజినా ఆర్కటికా కూడా ఆయన వర్ణించినదే. ఆయనకు సూక్ష్మదర్శిని ఉంది కానీ మన దగ్గర ఉన్న జాతుల జాబితా లేదు. అయినా ఆ చివర విచ్చుకున్న పిక్క ఆయన కంటికి ఆనింది.

అబిస్కో 68 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి, ఆర్కిటిక్ వలయానికి బాగా పైన ఉంది కాబట్టి ఈ జాతి అక్కడ దొరకడం సరిగ్గా సరిపోతుంది. ఉత్తర ఐరోపా, స్కాట్లాండ్‌లో మోర్లు అనే తడి బంజరు నేలలు, ఆల్ప్స్ పర్వతాల చిత్తడి పచ్చికలు, సైబీరియా, ఉత్తర అమెరికా ఉత్తర భాగం, ఇవీ దీని ఇళ్ళు. నీరు ఊరే నేల, తుంగ, నాచు ఉన్న చోటు దీనికి కావాలి. అయితే దొరికే చోటును బట్టి పేరు పెట్టడం కూడా రంగును బట్టి పేరు పెట్టినంత ప్రమాదమే. అదే చిత్తడి నేలలో అరడజను ప్లాటికైరస్ జాతులు ఒకే రోజు ఒకే పువ్వు మీద వాలగలవు. గ్రీన్‌లాండ్ ఈగల గురించి 1845లో రాసిన డేనిష్ శాస్త్రవేత్త స్టేగర్ హైపర్‌బోరియస్ అనే జాతిని వర్ణించారు. ఉత్తరానికీ ఉత్తరం అని ఆ పేరుకు అర్థం. క్లిపియాటస్ అని అందరూ ఒకటిగా చూసుకుంటూ వచ్చిన దాని నుంచి 1990లో గూల్డ్లిన్, మైబాక్, స్పైట్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు మూడు కొత్త జాతులను విడదీశారు, వాటిలో ఒకదానికి చిత్తడి నేలల ఒప్పందం జరిగిన రామ్‌సార్ పేరు పెట్టారు. విడదీయడానికి పనికివచ్చిన గుర్తులు ముంగాలి పాదం అడుగున ఉండే చిన్న గుంటలు, నల్లటి మచ్చల అమరిక. అదే సంవత్సరం కెనడాలో రిచర్డ్ వోకరోత్ ఉత్తర అమెరికా ప్లాటికైరస్‌లన్నిటినీ తిరిగి పరిశీలించి ఒక కొలిక్కి తెచ్చారు. రెండు ఖండాల వాళ్ళూ ఒకే ఏడాది ఒకే ఈగ కాళ్ళు చూస్తూ కూర్చున్నారన్నమాట.

ఇక మెలనోస్టోమా సంగతి. నల్ల ముఖం, నల్ల స్కుటెల్లం, పసుపు మచ్చలు, అదే సైజు, అదే తుంగ కంకి. మగదాని ముంగాళ్ళు మామూలుగా, ఏ వెడల్పూ లేకుండా ఉంటాయి కనుక, వెడల్పు కనిపించినప్పుడు మెలనోస్టోమాను నిర్భయంగా తోసేయవచ్చు. ఆడవాటి దగ్గర చిక్కు, ఎందుకంటే రెండు ప్రజాతుల ఆడవాటికీ కాళ్ళు సాదాగానే ఉంటాయి. మెలనోస్టోమా ఆడదాని పొట్ట మచ్చలు తరచు త్రికోణాకారంలో ఉంటాయి, ప్లాటికైరస్‌వి ఎక్కువగా చదరంగా ఉంటాయి. కానీ చలికి మచ్చలు కుంచించుకుపోయినప్పుడు త్రికోణానికీ చదరానికీ తేడా నిలవదు. నమ్మదగిన గుర్తు వక్షం కింద, వెనుక కాళ్ళు పుట్టే చోట ఉంది: ప్లాటికైరస్‌కు అక్కడ వెడల్పాటి పలక ఉంటుంది, మెలనోస్టోమాకు అది కోసుకుపోయి బల్లెపు మొనలా సన్నగా మిగిలి ఉంటుంది. ఈగను వెల్లకిలా చూస్తే తప్ప ఇది కనిపించదు. మీ నాలుగో ఫోటోలో ఆడ ఈగ తుంగ ఆకు అంచు మీద పక్కకు ఒరిగి ఉండడం వల్ల ఆ పలకలో ఒక మూల కనిపించింది. దాన్ని చూసే ప్లాటికైరస్ అన్నాను. కళ్ళ మధ్య ఖాళీ ఉంది కాబట్టి ఆడది అన్నాను. మగవాటికి రెండు కళ్ళూ నడినెత్తి మీద కలుసుకుంటాయి.

ఆడదానికి పేరు పెట్టకపోవడం మీకు నిరాశ కలిగించి ఉంటుంది. రెండూ ఒకే చోట, పది నిమిషాల తేడాతో దొరికాయి కాబట్టి ఒకే జాతి జంట అయి ఉంటాయని మీరు రాశారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. లాప్‌లాండ్‌లో గడిపిన మొదటి వేసవిలో ఒకే గుంట దగ్గర పట్టిన పదకొండు ఆడ ఈగలకు, వాటి మధ్య ఎగిరిన మగదాని పేరే వరుసగా చీటీలు రాసి గుచ్చాను. చలికాలంలో తీరికగా సూక్ష్మదర్శిని కింద వాటిని వెల్లకిలా తిప్పి చూసినప్పుడు, వాటిలో నాలుగు అసలు ప్లాటికైరస్‌లే కావు, మెలనోస్టోమాలు. మిగతా ఏడింటిలో కనీసం రెండు జాతులున్నాయి. ఆ చీటీలను పారేయకుండా, తప్పు పేరు కొట్టేసి పక్కన సరైనది రాసి ఇప్పటికీ పెట్టెలో ఉంచుకున్నాను. డిఎన్‌ఏ పరీక్ష చేయిస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. ఉత్తర ఐరోపా మెలనోస్టోమాల మీద 2014లో వెలువడిన పరిశోధనలో, జాతులను పోల్చడానికి అందరూ వాడే మైటోకాండ్రియా జన్యువు దారి తప్పించిందనీ, కేంద్రకంలోని మరో గుర్తు మాత్రం ఆకారపు తేడాలతో సరిగ్గా సరిపోయిందనీ తేలింది. కాబట్టి పరీక్ష చేయించినా ఈగను మళ్ళీ వెల్లకిలా తిప్పక తప్పదు.

ప్రవర్తన గురించి మీరు గమనించిన రెండు విషయాలు నాకు చాలా నచ్చాయి. తేనె లేని తుంగ కంకి మీద ఇది ఎందుకు అంతసేపు కూర్చుంది అన్నది ఒకటి. తుంగకూ గడ్డికీ గాలి ద్వారానే పరాగసంపర్కం జరుగుతుంది, వాటి పూలలో తేనె ఉండదు; కానీ పుప్పొడి ధారాళంగా ఉంటుంది, ఈ ఈగలకు అదే భోజనం. క్లిపియాటస్ గుంపులోని జాతులూ మెలనోస్టోమాలూ గడ్డి, తుంగ జాతుల పుప్పొడిని ప్రత్యేకించి ఇష్టపడతాయి. రంగురంగుల పూల చుట్టూ మాత్రమే తిరిగేవారికి ఇవి కనబడకపోవడానికి అదే కారణం. రెండోది, మబ్బు కమ్మిన క్షణంలో ఈగలన్నీ మాయమయ్యాయని రాశారు. ఎండ ఇచ్చే వెచ్చదనం లేకపోతే వాటి రెక్కల కండరాలు సరిగా పనిచేయవు. ఎండ పోగానే ఆకు మొదట్లోకో నాచులోకో జారుకుంటాయి. మీ ఊరి గుట్టల మీద తెల్లటి గిన్నెల్లా పూసే డ్రయాస్ పూలను మబ్బు వీడిన వెంటనే చూడండి. అవి సూర్యుడి వెంట తిరుగుతాయి, గిన్నె నడుమ గాలి బయటికంటే వెచ్చగా ఉంటుంది, ఈగలు అందులో కూర్చుని ఒళ్ళు కాచుకుంటాయి. కెనడా ఉత్తర కొసన ఉన్న ఎల్స్‌మియర్ దీవిలో పీటర్ కెవాన్ దీన్ని కొలిచి 1975లో ప్రకటించారు. తేనెటీగలు అరుదైన ఆ నేలల్లో పూలకు దిక్కు ఎక్కువగా ఈగలే.

ఇంకో మాట, దీన్ని మీరు తప్పకుండా చూస్తారు: వాన పడ్డ మర్నాడు గడ్డి కంకుల పైకొసన, రెక్కలు చాచి, పొట్ట ఉబ్బి, చారలు చారలుగా తెల్లటి బూజు పట్టి చచ్చి అతుక్కుని ఉన్న ఈగలు కనిపిస్తాయి. ఎంటమోఫ్తోరా అనే శిలీంధ్రం పని అది. మెలనోస్టోమాలూ ప్లాటికైరస్‌లూ దాని బారిన తరచుగా పడతాయి. అవి ఎక్కడికీ ఎగిరిపోవు కనుక ముంగాళ్ళనూ వక్షం కిందనూ తీరికగా ఫోటో తీసుకోవడానికి అంతకు మించిన అవకాశం లేదు. ఉబ్బిన పొట్ట ఆకారాన్ని, మచ్చలను మాత్రం లెక్కలోకి తీసుకోకండి.

బతికినవాటిని ఫోటో తీయడానికి నేను వాడేది చిన్న పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా. ఈగను అందులోకి రానిచ్చి, ఐదు నిమిషాలు నీడలో చల్లగా ఉంచితే మందగిస్తుంది. అప్పుడు డబ్బా గోడ మీద నడిచేటప్పుడు కింద నుంచి పలకనూ, ఎదురుగా ముఖాన్నీ, ముంగాళ్ళ వెడల్పు వైపునూ తీసి, మూత తెరిచి వదిలేయవచ్చు. అబిస్కోలో జాతీయ ఉద్యానం 1909 నుంచీ ఉంది. దాని సరిహద్దు లోపల పురుగులను పట్టే ముందు అనుమతి విషయం కనుక్కోండి, డబ్బాలో కాసేపు ఉంచడం కూడా పట్టడమే. సరిహద్దు బయట కూడా చిత్తడి నేలకు కొదవ లేదు.

మీ మూడో ప్రశ్న. తాండూరు వైపు కుసుమ చేలలో పేనుబంక పట్టిన మొక్కల చుట్టూ నేను మొదట చూసిన సిర్ఫిడ్ ఈగ, మీకు గుర్తున్న ఆవ పూల ఈగ, చాలావరకు ఇస్కియోడాన్ స్కుటెల్లారిస్ అయి ఉంటుంది. దాని ముఖం పసుపు, స్కుటెల్లమూ పసుపు. మీ అబిస్కో ఈగకు అది దూరపు చుట్టం, అదే ఉపకుటుంబంలోనిది. దాని పిల్లపురుగులూ, ప్లాటికైరస్‌లలో చాలా వాటి పిల్లపురుగులూ కాళ్ళు లేకుండా చిన్న జలగల్లా పాకుతూ పేనుబంకను పట్టి రసం పీలుస్తాయి. అక్షింతల పురుగుతో పాటు వీటిని కూడా చంపవద్దని మన రైతులకు చెప్పేది అందుకే. కానీ ఒకదాని రంగును చూసి రెండోదానికి పేరు పెట్టే వీలు లేదు.

స్వీడన్‌లో కనిపించిన జాతులను నమోదు చేసే ఆర్ట్‌పోర్టాలెన్‌లో మీరు వీటిని ఎక్కించదలచుకుంటే, రెండో, మూడో ఫోటోలకు "ప్లాటికైరస్ పొడగ్రాటస్, మగ, ముంగాలి పిక్క చివర చూసి నిర్ణయించినది" అని రాయండి. నాలుగోదానికి "ప్లాటికైరస్, ఆడ, జాతి నిర్ణయించలేదు, తుంగ కంకి మీద" అని రాసి వదిలేయండి.